రెండు దిక్కుల బ్యాటింగ్: పిల్లలకు నేర్పాలా, వద్దా?

ఈ ఎపిసోడ్ నేను ప్లాన్ చేసుకున్నది కాదు. పోయిన నెల కరీంనగర్ పోయినప్పుడు మా చిన్నాయన ఇంట్ల అన్నం తింటుంటే మొదలైన పంచాయితీ ఇది. చిన్నాయన కొడుకుకు పదకొండేళ్లు. పొద్దుగాల అంబేద్కర్ స్టేడియం దిక్కు ప్రాక్టీస్‌కు పోతడు. కుడిచేతి వాటం, కుడిచేతి బ్యాటింగ్. వాళ్ల కోచ్ ఒకరోజు, "వీణ్ని లెఫ్ట్‌కు మార్చుదాం, లెఫ్ట్‌హ్యాండర్లకు సెలెక్షన్‌ల డిమాండ్ ఉంటది" అన్నడట. పోరడేమో, "అన్నా, నేను రెండు దిక్కులా ఆడుత, వార్నర్ లెక్క" అంటడు. చిన్నాయన నా దిక్కు చూసి, "బిడ్డా, వీడియోలల్ల లోకంల ఉన్నయన్ని చెప్తవు కదా, గిది చెప్పు మరి" అన్నడు.

నా దగ్గర జవాబు లేదు. అందుకే చదవడం మొదలుపెట్టిన. చదివితే తెలిసిందేంటంటే, ఇదే పంచాయితీ మీద అమెరికాలో బేస్‌బాల్ ఆడే పిల్లల తండ్రులు తరాల నుంచి కొట్టుకుంటున్నారు. అక్కడ దీనికి పేరే ఉంది, స్విచ్ హిట్టింగ్. కుడి దిక్కు నిలబడీ కొట్టాలి, ఎడమ దిక్కు నిలబడీ కొట్టాలి. మన దగ్గర బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ స్కూల్ గేమ్స్‌లో ఉన్నాయి గానీ గల్లీలో ఆడేది మాత్రం క్రికెట్టే. ముందు మనోళ్ల దగ్గర నుంచి పోదాం.

2023. రంజీ ట్రోఫీ క్వార్టర్ ఫైనల్. ఇండోర్ హోల్కర్ స్టేడియంలో ఆంధ్ర, మధ్యప్రదేశ్ ఆడుతున్నాయి. (హోల్కర్ అంటే గుర్తొచ్చింది, నాగ్‌పూర్ తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు రంజీలో ఈ హోల్కర్ జట్టుకు కెప్టెన్సీ చేశాడు. ఆయన మీద వేరే ఎపిసోడ్ చేయాలి.) ఆంధ్ర కెప్టెన్ హనుమ విహారి. కాకినాడలో పుట్టి హైదరాబాద్‌లో ఆట నేర్చుకున్న మనిషి, పక్కా కుడిచేతి బ్యాటర్. మొదటి రోజు 16 పరుగుల దగ్గర అవేశ్ ఖాన్ వేసిన బౌన్సర్ ఎడమ మణికట్టుకు తగిలి ఎముక విరిగింది. విహారి బయటికి పోయాడు. రికీ భుయి, కరణ్ షిండే సెంచరీలు కొట్టి ఇన్నింగ్స్‌ను నిలబెట్టారు. రెండో రోజు వరసగా వికెట్లు పడి తొమ్మిదో వికెట్ కూడా పోయింది. అయిపోయింది అనుకునేసరికి విహారి మళ్లీ లోపలికొచ్చాడు. వచ్చి ఎడమచేతి బ్యాటర్‌లాగా నిలబడ్డాడు.

ఎందుకట్లా? ఒక్క నిమిషం లేచి నిలబడి, చేతిలో బ్యాట్ ఉన్నట్టు చూసుకోండి. కుడిచేతి బ్యాటర్ స్టాన్స్‌లో బౌలర్ వైపు ఉండేది ఎడమ భుజం, ఎడమ మోచెయ్యి, ఎడమ మణికట్టు. అంటే విరిగిన చెయ్యే బంతికి ఎదురుగా ఉంటది. స్టాన్స్ తిప్పేస్తే బౌలర్ వైపు కుడి చెయ్యి వస్తుంది, విరిగిన చెయ్యి వెనక్కి పోయి దాక్కుంటుంది. అలా నిలబడి, చాలావరకు ఒక్క కుడి చేత్తోనే ఆడుతూ 27 దాకా లాక్కొచ్చాడు. ఆంధ్ర 379కి ఆలౌట్. రెండో ఇన్నింగ్స్‌లో జట్టు 93కే కుప్పకూలింది. అందులో కూడా ఆఖరి బ్యాటర్‌గా వచ్చి మళ్లీ ఎడమ దిక్కే నిలబడి 15 కొట్టాడు. మధ్యప్రదేశ్ 245 టార్గెట్‌ను 5 వికెట్లు పోగొట్టుకుని కొట్టేసింది. ఆంధ్ర ఓడిపోయింది, నిజమే. కానీ 2021 సిడ్నీ టెస్టులో తొడ కండరం పట్టేసినా 161 బంతులు నిలబడ్డ మనిషి నుంచి ఇంకేం ఎదురుచూస్తాం?

అది అవసరం కోసం చేసింది. ఎత్తుగడ కోసం చేసిన పాత కథ ఒకటుంది. 1981-82 రంజీ సెమీఫైనల్, బెంగళూరులో కర్ణాటక మీద బొంబాయి. కర్ణాటక ఎడమచేతి స్పిన్నర్ రఘురామ్ భట్ మొదటి ఇన్నింగ్స్‌లో 8 వికెట్లు తీశాడు. పిచ్ పగిలిపోయింది, బంతి కుడిచేతి బ్యాటర్ల నుంచి బయటికి గిర్రున తిరుగుతోంది. రెండో ఇన్నింగ్స్‌లో సునీల్ గవాస్కర్ ఏం చేశాడో తెలుసా? భట్ బౌలింగ్‌కు వచ్చినప్పుడు ఎడమచేత్తో ఆడాడు, మిగతా బౌలర్లను కుడిచేత్తో ఆడాడు. అప్పుడు బయటికి పోయే బంతి లోపలికొచ్చే బంతి అవుతుంది, అంచు తగిలి స్లిప్‌లోకి పోయే భయం తగ్గుతుంది. 18 నాటౌట్. చూడడానికి చిన్న స్కోరే, కానీ ఔట్ కాలేదు కదా.

ఈ లెక్క మీదనే బేస్‌బాల్‌లో ఒక పెద్ద సంప్రదాయం నిలబడింది. అక్కడ బౌలర్‌ను పిచ్చర్ అంటారు. కుడిచేతి పిచ్చర్ వేసే వంకర బంతి కుడిచేతి బ్యాటర్ నుంచి దూరంగా జారిపోతుంది, ఎడమచేతి బ్యాటర్ వైపైతే లోపలికి వస్తుంది. అదీగాక ఎడమ దిక్కు నిలబడ్డవాడికి ఫస్ట్ బేస్ రెండడుగులు దగ్గర. సో, పిచ్చర్ ఏ చేత్తో వేస్తే దానికి ఎదురు దిక్కు నిలబడగలిగేవాడికి రోజూ లాభమే. మనలో గవాస్కర్ ఒక మ్యాచ్‌లో చేసింది వాళ్లకు జీవితాంతం చేసే ఉద్యోగం.

మొదలుపెట్టింది బాబ్ ఫెర్గూసన్ అంటారు. 1870 జూన్ 14, బ్రూక్లిన్. సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ అని, జీతాలిచ్చి ఆటగాళ్లను పెట్టుకున్న తొలి జట్టు, ఏడాదికి పైగా ఓటమే లేకుండా తిరుగుతోంది. బ్రూక్లిన్ అట్లాంటిక్స్‌తో మ్యాచ్ పదకొండో ఇన్నింగ్స్ దాకా పోయింది. సిన్సినాటి షార్ట్‌స్టాప్ జార్జ్ రైట్ ఆ కాలంలో పేరుమోసిన ఫీల్డర్. కుడిచేత్తో కొడితే బంతి ఆయన దిక్కే పోతుందని ఫెర్గూసన్ ఎడమ దిక్కుకు మారి కొట్టాడు. స్కోరు సమం. అట్లాంటిక్స్ 8–7తో గెలిచారు. గమనించండి, ఆయన తప్పించుకున్నది పిచ్చర్‌ను కాదు, ఫీల్డర్‌ను.

ఇప్పుడు అసలు కథ. మిక్కీ మ్యాంటిల్. 1931లో ఓక్లహోమాలో పుట్టాడు. తండ్రి మట్ మ్యాంటిల్ సీసం, జింకు గనుల్లో పనిచేసేవాడు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వాళ్లకు ఈ కథ నేను చెప్పనక్కర్లేదు. బొగ్గుబాయిల పనిచేసే తండ్రికి ఉండే ఒకే ఒక్క కోరిక ఏంది? కొడుకు బాయిలకు దిగొద్దు. మట్‌దీ అదే. తను కుడిచేత్తో బంతి వేస్తాడు, మిక్కీ వాళ్ల తాత ఎడమచేత్తో వేస్తాడు. షిఫ్ట్ దిగి ఇంటికొచ్చాక ఇద్దరూ కలిసి పిల్లగానికి బంతులేసేవాళ్లు. నాయన వేస్తే ఎడమ దిక్కు నిలబడాలి, తాత వేస్తే కుడి దిక్కు. పొద్దు గూకే దాకా రోజూ ఇదే. మిక్కీ పుట్టు కుడిచేతి వాటం. ఒకసారి కుర్రాళ్ల మ్యాచ్‌లో కుడిచేతి పిచ్చర్‌ను కుడి దిక్కు నుంచే ఆడబోతే తండ్రి అక్కడికక్కడే ఇంటికి పంపేశాడని, నేర్పినట్టు ఆడేదాకా యూనిఫాం వేసుకోవద్దన్నాడని మ్యాంటిల్ తర్వాత చెప్పుకున్నాడు.

ఫలితం? న్యూయార్క్ యాంకీస్‌కు ఆడి 536 హోమ్ రన్లు. స్విచ్ హిట్టర్లలో ఇప్పటికీ అంతకు మించినవాడు లేడు. 1956లో సగటు, హోమ్ రన్లు, రన్లు తెప్పించడం – మూడింట్లో లీగ్‌లో ఫస్ట్. కానీ తండ్రి ఇవన్నీ చూడలేదు. 1952లోనే క్యాన్సర్‌తో పోయాడు, నలభై ఏళ్లకే.

ఇంకో తండ్రి హ్యారీ రోజ్. తొమ్మిదేళ్ల కొడుకు పీట్‌ను టీమ్‌లో పెట్టుకునే కోచ్‌తో ఒప్పందం చేసుకున్నాడట: వాణ్ని ఎప్పుడూ రెండు దిక్కులా ఆడనియ్యాలి, బదులుగా సీజన్ మధ్యలో మేం ఊర్లకు పోం. పీట్ రోజ్ 4,256 హిట్లు కొట్టాడు. అదీ మేజర్ లీగ్ రికార్డే. తర్వాత బెట్టింగ్ చేసి నిషేధం తెచ్చుకున్నాడు, అది రెండు చేతుల తప్పు కాదు లెండి.

ఇక్కడిదాకా విన్న చిన్నాయన, "అయితే మార్చుడే" అన్నడు. ఆగండి.

మ్యాంటిల్ అంకెల్లోనే ఒక సంగతుంది. కుడి దిక్కు నుంచి ఆయన బ్యాటింగ్ సగటు ఎడమ దిక్కు సగటు కంటే చాలా ఎక్కువ. కానీ లీగ్‌లో ఎక్కువ మంది పిచ్చర్లు కుడిచేతి వాళ్లు. అంటే మ్యాంటిల్ కెరీర్‌లో ఎక్కువ సార్లు నిలబడింది తనకు పుట్టుకతో రాని దిక్కున. కుడిచేతి వాటం పిల్లగాణ్ని స్విచ్ హిట్టర్‌గా మార్చడమంటే, ఎక్కువ టైమ్ వాడి బలహీనమైన దిక్కుతో ఆడించడమే. మేం ఆఫీసులో ఒకే ప్రోడక్ట్‌కు రెండు వెర్షన్లు నడిపేవాళ్లం. ప్రతి బగ్‌నూ రెండుసార్లు సరిచేయాలి. ఇదీ అంతే. రోజుకు వంద బంతులు ఆడే పిల్లగాడికి రెండు దిక్కులంటే యాభై యాభై. నాయన, తాత ఇద్దరూ రోజూ గంటలకొద్దీ బంతులేస్తే రెండూ వంద వంద అవుతాయి. ఎంతమంది ఇండ్లల్లో అట్లా కుదురుతుంది?

రెండో దిక్కును వదిలేసి బాగుపడ్డవాడూ ఉన్నాడు. బాల్టిమోర్ ఓరియోల్స్ ఆటగాడు సెడ్రిక్ మలిన్స్ పుట్టు ఎడమచేతి వాటం, రెండు దిక్కులా ఆడేవాడు. 2019లో ఫామ్ పోయి కింది లీగులకు దిగిపోయాడు. 2021లో కుడి దిక్కును పూర్తిగా వదిలేసి ఎడమచేత్తో మాత్రమే ఆడాడు. ఆ ఒక్క సీజన్‌లో 30 హోమ్ రన్లు, 30 స్టీల్స్.

ఇక మా తమ్ముడి హీరో వార్నర్. మన వార్నర్ అంటే సన్‌రైజర్స్ వార్నర్, బుట్టబొమ్మ వార్నర్. ఆయన చిన్నప్పటి కథ మావోడికి తెలవదు. సుమారు పదమూడేళ్లప్పుడు, బంతిని మరీ గాల్లోకి లేపుతున్నాడని కోచ్ ఆయన్ని కుడిచేతికి మార్చాడు. ఒక సీజన్ అట్లానే ఆడాడు. తర్వాత వాళ్లమ్మ, నీ ఎడమచేత్తోనే ఆడుకో అని వెనక్కి తిప్పింది. ఆ అమ్మ నోరు మెదపకపోతే 2016లో మనకు కప్పు ఎవరు తెచ్చేవాళ్లో! కానీ ఆ కుడిచేయి సీజన్ ఊరికే పోలేదు. 2019 జనవరిలో బంగ్లాదేశ్ లీగ్‌లో క్రిస్ గేల్ ఆఫ్ స్పిన్ వేస్తుంటే వార్నర్ ఓవర్ మధ్యలో కుడిచేతికి తిరిగి మిగిలిన మూడు బంతుల్లో 6, 4, 4 కొట్టాడు. యూట్యూబ్‌లో అందరం చూసిన వీడియో అదే.

మావోడు చూడని వీడియో ఇంకోటుంది. 2023 సెప్టెంబర్ 24, ఇండియా మీద వన్డే. బౌలర్ అశ్విన్. వార్నర్ 53 దగ్గర కుడిచేత్తో ఆడుతూ ఎల్బీ అయ్యాడు. బ్యాట్‌కు తగిలిందని రీప్లేలో కనిపించింది గానీ రివ్యూ అడగలేదు. గ్రౌండ్ ఏదో తెలుసా? విహారి ఎడమచేత్తో ఆడిన ఇండోర్ హోల్కరే. ఏడు నెలల తేడా.

రూల్స్ దగ్గరకొస్తే, 2008 జూన్‌లో ఒక గమ్మత్తు జరిగింది. జూన్ 15న ఇంగ్లండ్‌లో కెవిన్ పీటర్సన్, న్యూజిలాండ్ బౌలర్ స్టైరిస్ పరిగెత్తి వస్తుండగా ఎడమచేతికి తిరిగి రెండు సిక్సులు కొట్టాడు. బౌలర్ చెయ్యి మార్చాలంటే అంపైర్‌కు ముందే చెప్పాలి, లేకపోతే నోబాల్. మరి బ్యాటర్‌కు ఏ రూలూ లేదా అని లొల్లి. రెండు రోజులకే ఎంసీసీ ఆ షాట్ చెల్లుతుందని చెప్పింది. సరిగ్గా అదే వారం, జూన్ 19న, అమెరికాలో ఒక కింది లీగ్ మ్యాచ్‌కు ప్యాట్ వెండిట్టీ అనే పిచ్చర్ వచ్చాడు. రెండు చేతులతోనూ బంతి వేయగలడు, రెండు చేతులకూ పట్టే గ్లవ్ చేయించుకున్నాడు. ఎదురుగా వచ్చిన బ్యాటర్ స్విచ్ హిట్టర్! పిచ్చర్ గ్లవ్ మార్చగానే బ్యాటర్ దిక్కు మారుస్తాడు, బ్యాటర్ మారగానే పిచ్చర్ గ్లవ్ మారుస్తాడు. మన దగ్గర ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరు ఒకే దిక్కుకు జరిగినట్టు. అంపైర్లకు ఏం చేయాలో తెలవలేదు. ఆ తర్వాత, రెండు చేతుల పిచ్చర్ ఏ చేత్తో వేస్తాడో ముందుగా చూపించాలని రూల్ రాశారు.

క్రికెట్‌లో కూడా రెండు చేతుల బౌలర్లున్నారు, ఒకాయన మనకు దగ్గరివాడే. ఆదిలాబాద్ నుంచి 44వ నంబర్ హైవే మీద ఉత్తరానికి పోయి పెన్‌గంగ దాటితే కొంచెం దూరంలోనే పాండర్‌కవడ వస్తుంది. విదర్భ స్పిన్నర్ అక్షయ్ కర్నేవార్ పుట్టింది అక్కడే. మొదట కుడిచేతి ఆఫ్ స్పిన్ వేసేవాడు. పిల్లగాడు ఎడమచేత్తో బాగా విసురుతున్నాడని చూసిన కోచ్ ఆ చేత్తో కూడా వెయ్యమన్నాడు. చూడండి తేడా: ఆ కోచ్ పిల్లగాడిలో ముందే ఉన్నదాన్ని పట్టుకున్నాడు, మార్కెట్ డిమాండ్‌ను కాదు. 2021 నవంబర్‌లో మన మంగళగిరిలోనే, ముస్తాక్ అలీ టీ20లో మణిపూర్ మీద కర్నేవార్ నాలుగు ఓవర్లు వేస్తే నాలుగూ మెయిడెన్లే. సున్నా పరుగులు, రెండు వికెట్లు. ఇక 2025 ఏప్రిల్‌లో సన్‌రైజర్స్ తరఫున కోల్‌కతా మీద కమిందు మెండిస్ ఒకే ఓవర్లో రెండు చేతులతో వేసి, నాలుగు పరుగులిచ్చి వికెట్ తీశాడు. తర్వాత ఇంకో ఓవర్ ఇవ్వలేదు. అదెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అసలు చెయ్యి విషయంలో మనోళ్లకు పాత జబ్బొకటి ఉంది. నేను ఒకటో తరగతిలో పుర్రచేత్తో బలపం పట్టేవాణ్ని. మా సారొకాయన స్కేలు తీసుకుని వేళ్ల మీద కొట్టి కుడిచేతికి మార్చాడు. ఇప్పుడు కుడిచేత్తో రాస్తా, రాయి మాత్రం ఎడమచేత్తోనే విసురుతా. అదే పుర్రచేతిని తిట్టే మనమే అర్జునుణ్ని సవ్యసాచి అని పొగుడుతాం. ఎడమచేత్తో కూడా గాండీవం లాగగలడని ఆ పేరు. సంస్కృతంలో సవ్యమంటే ఎడమ అని కూడా అర్థం. తెలుగులో సవ్యంగా అంటే పద్ధతిగా అని. మా సారుకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

ఇప్పుడు చిన్నాయన కోచ్ మాట. ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు. 2016లో డేవిడ్ మన్ అనే పరిశోధకుడి బృందం ఒక పేపర్ వేసింది. మన బలమైన చెయ్యి బ్యాట్ హ్యాండిల్‌కు పైన ఉండే స్టాన్స్, మామూలు ఆటగాళ్లతో పోలిస్తే ప్రొఫెషనల్ బ్యాటర్లలో ఏడు రెట్లు ఎక్కువగా కనిపించిందని లెక్క తేల్చారు. సచిన్ రాసేది ఎడమచేత్తో, ఆడేది కుడిచేత్తో. గంగూలీ కుడిచేతి మనిషి, ఎడమచేత్తో ఆడాడు. మన తిలక్ వర్మ బ్యాటింగ్ ఎడమ, బౌలింగ్ కుడి. అంటే కుడిచేతి వాటం పోరణ్ని ఎడమ దిక్కు నిలబెడితే బలమైన చెయ్యి పైకి వస్తుంది, నిజమే. కానీ ఆ పేపర్ లెక్కపెట్టింది పైకి వచ్చినవాళ్లను. పదకొండేళ్లకు మార్చితే దెబ్బతిని ఆట మానేసిన పిల్లలు ఏ లెక్కలోనూ ఉండరు. ఇంకా, లెఫ్ట్‌కు మారడం ఒకటి, రెండూ ఉంచుకోవడం ఇంకొకటి. క్రికెట్‌లో రెండోదానికి బేస్‌బాల్‌లో ఉన్నంత లాభం లేదు. ఇక్కడ ఒక ఓవర్ అయిపోగానే ఇంకో బౌలర్, ఇంకో కోణం. బ్యాట్ ఒక్కటే తిరిగితే చాలదు, కాళ్లు తిరగాలి, ఆఫ్ స్టంప్ ఎక్కడుందో కన్ను మళ్లీ వెతుక్కోవాలి.

అన్నీ విన్నాక నేను చిన్నాయనకు చెప్పింది ఇది. మ్యాచ్‌లల్ల కుడిచేత్తోనే ఆడనియ్యి. డిమాండ్ ఉన్నదని మార్చకు. జిల్లా నుంచి హైదరాబాద్ దాకా పోవాలంటే ముందు పరుగులు కొట్టాలె. ఎడమ దిక్కు వాడికి ఇష్టమున్నది కాబట్టి సాయంత్రం అరగంట టెన్నిస్ బాల్‌తో ఆడనియ్యి, స్కోరు రాయకు, తిట్టకు. ఎండాకాలం సెలవులు అయిపోయినంక వాణ్నే అడుగు. ఎడమ దిక్కు హాయిగ ఉన్నదంటే అప్పుడు కోచ్ సారుతోని కూసొని మాట్లాడుదాం. చిన్నప్పుడు చిర్రగోనె ఏ చేత్తో కొట్టేటోళ్లమో మనకెవరన్న చెప్పిన్రా? మా తమ్ముడు మాత్రం "అర్ధగంట ఏం సరిపోతది అన్నా" అని మొఖం మాడ్చుకున్నడు. చిన్నాయనకు కూడా పూర్తిగా నచ్చినట్టు లేదు, కోచ్‌కు ఏం జవాబు చెప్పాలో అని ఆయన బాధ.

నిన్న రాత్రి వాట్సాప్‌ల వీడియో వచ్చింది. ఇంటి డాబా మీద, ఎడమచేత్తో. చిన్నాయనే బంతులేస్తున్నడు. మొదటి ఐదు బంతులు గాలికే పోయినయి. ఆరోది పక్కింటి రేకుల మీద పడ్డది. వీడియో ఆఖర్ల తమ్ముడు గంతులేస్తుంటే, చిన్నాయన బాల్ కోసం నిచ్చెన దేవులాడుతున్నడు.